పూడ్చని గుంత

ఆ యెండకాలం కరీంనగర్ల నేను ఎక్కని అరుగు లేదు. సంకల పిల్ల, నెత్తి మీద కొంగు, కాళ్లకు చెప్పులు సుత లేవు. ఇంటింటి ముంగట నిలవడి "అవ్వా, ఇల్లు కిరాయికిస్తరట గద" అని అడుగుడు, వాళ్లు నన్ను కిందికెల్లి మీది దాక చూసుడు. అటెనుక సవాళ్లు. ఏ ఊరు? ఎవలు? ఎంతమంది? ఇంటాయన ఏం జేస్తడు? సర్కారు దఫ్తర్ల చప్రాసి అంటె మొఖం జర ఇచ్చుకునేది. "మా మామ మగ్గం నేస్తడు, ఇంట్ల గుంత తవ్వుకుంటం" అన్నంక ఆ మొఖం మల్ల ముడుసుకపోయేది.

మగ్గం తెల్వనోల్లకు చెప్త. మాది గుంతమగ్గం. ఇంట్ల నేలను మోకాళ్ల మీది దాక తవ్వి, నేసెటాయన గట్టు మీద కూసొని కాళ్లు గుంతల ఏసి తొక్కుతుంటడు. అందుకు మట్టి నేల ఉన్న ఇల్లే గావాలె. గుంత లేకుంటె మగ్గం ఉత్త కట్టెల మోపు.

ఒకాయన "ఇంట్ల గుంత తవ్వుడేందమ్మా, పీనుగను పాతిపెడ్తరా" అన్నడు. ఒకామె "ఎలుకలు జొస్తయి, పాములు జొస్తయి, మాకొద్దు" అన్నది. ఒక్క ఇంటోల్లు మాత్రం ఎంత గుంతనన్న తవ్వుకోండ్రి అన్నరు. తీర చూస్తె ఆ ఇల్లు చెర్వు కట్ట కిందనే ఉన్నది. వాన పడితె ఆ గుంతల బట్ట నేసుడు కాదు, చేపలు పట్టుకోవాలె.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ అయ్యి నాలుగైదేండ్లు. మాది చొప్పదండి, సాలోల్లం, నేసుడే మా కులపని. నేను తెల్లారంగ మోటరెక్కి కరీంనగర్ వచ్చుడు, పొద్దూకంగ మల్ల మోటరెక్కి పోవుడు. మా ఆయన దేవదాసుకు కొత్తగ నౌకరొచ్చింది. పొద్దుగాల సాబు కంటె ముందు పోయి దఫ్తర్ తలుపులు తెరవాలె, కుండల నీళ్లు నింపాలె, మాపటీలి అందరు పోయినంక తాళమేసి రావాలె. సైకిలు కొనే తాకత్ లేదాయె. నడిచిపోయేటంత దూరంలనే ఇల్లు గావాలని ఆయన పట్టు. గుంత తవ్వనియ్యాలని మా మామ అంబదాస్ పట్టు. ఇద్దరి పట్టు నడుమ ఎండల తిరిగేది నర్మద. నర్మద అంటె నేను.

ఒకనాటి మాపు మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు ఇడువకుంటనే "ఇల్లు దొరికింది, మాటైపోయింది" అన్నడు. ఊరి నడుమ గడియారం కాడికెల్లి సందుల మల్లితె నాలుగడుగులట. దఫ్తర్ దగ్గరనట. అంగడి దగ్గరనట. సందు మొగదల నీళ్ల నల్ల ఉన్నదట. కరెంటు బుగ్గ సుత ఉన్నదట. నా పానం ఎంత నిమ్మలమైందంటె, తెల్లారి మోటరెక్కేది లేదు గద అన్నదొక్కటే నాకు ఇనవడ్డది. నేల ఎట్లున్నదని అడగలే. మామ గుంతల కూసొని నాడెను పోగుల నడుమ అటిటు ఆడిస్తనే ఉన్నడు. ఆయన సుత అడగలే. సాలోని కొడుకు ఇల్లు చూస్తె ముందు నేల చూస్తడు గద అనుకున్నడేమో.

సామాన్లు ఎడ్లబండికెత్తినం. మగ్గం ఇప్పి, కట్టెలన్ని తాళ్లతోని కట్టినం. మా ఇంటోల్లల ఒక పద్ధతి ఉన్నది. ఇల్లు ఇడిశి పోయేటప్పుడు మగ్గం గుంతను పూడ్చి, మీదికెల్లి అలికి, ముగ్గేసి పోవాలె. గుంతను తెరిశి ఇడిశిపెట్టి పోయిండంటె, నేసెటోడు మల్ల ఆడికే వస్తడని లెక్క. మా అత్త బతికున్నప్పుడు ఈ ముచ్చట నాకు ఎన్నోమాట్ల చెప్పింది.

"మీరు బండెక్కుండ్రి. గుంత నేను పూడ్చి వస్త" అన్నడు మామ.

జరసేపటికే వచ్చి బండెనుక నడిచిండు. ఆయన కాళ్లకు మట్టి లేదు. కడుక్కున్నడనుకున్న.

కరీంనగర్ల ఇంటి ముంగట బండి ఆగినంక మా ఆయన ముందుగాల ఉరికి తాళం తీసి, పట్టపగలు కరెంటు బుగ్గ ఏసిండు. "చూడు బాపు" అన్నడు. మామ బుగ్గను చూడలే, నేలను చూసిండు. నేల నిండ షాబాదు బండలు. అద్దం లెక్క మెరుస్తున్నయి. మామ కాలి బొటనేలుతోని ఒక బండను నొక్కి చూసిండు.

"గుంత ఏడ తవ్వుదామనుకున్నవురా?"

"ఇగ గుంతెందుకు బాపు. నౌకరొచ్చె గద. ఇన్నేండ్లు నేసినవ్, ఇగ కూసొని తిను."

"ఇన్నేండ్లు కూసునే నేసిన గదరా" అన్నడు మామ.

మగ్గం కట్టెలు బయట అర్ర గోడకు ఒరిగిచ్చి, వాటి పక్కనే చాపేసుకొని ఒరిగిండు. నేను మా ఆయనను వంటింట్లకు పిలిచి నిమ్మలంగ అడిగిన, నీకు బుద్ధున్నదా అని. "బాపు గురించే చేసిన" అన్నడు. మొఖం మాడ్చుకొని నీళ్ల బిందె పట్టుకొని నల్ల కాడికి పోయిండు.

ఇంటామె పేరు బుచ్చవ్వ. కాపుదనపోల్లు, పెనిమిటి పోయిండు, పిల్లలు లేరు. పక్క పోర్షన్ల ఒక్కతే ఉంటది. మేం దిగిననాడే వచ్చి తలుపు కాడ నిలవడి అన్ని చెప్పింది. గోడలకు మొలలు కొట్టద్దు. బండల మీద కట్టెలు పలగ్గొట్టద్దు. దంచుకునేది ఉంటె బయట దంచుకోవాలె. పిల్ల ఉచ్చ పోస్తె గప్పుడే తుడవాలె. "నా పెనిమిటి పోయినంక వడ్లు అమ్మి అమ్మి పరిపిచ్చిన బండలివి" అన్నది. ఆమె నడిస్తె సుత బండలకు దెబ్బ తాకుతదేమో అన్నట్టు నడిచేది.

ఇల్లు మంచిగ లేదని నేననలేను. అంగడికి పోయి కూరగాయలు తెచ్చుకునేటాళ్లకు పొయ్యి మీద ఎసరు మర్లేది. మా ఆయన పగటీలి బువ్వకు ఇంటికొచ్చి మల్ల పోయేటోడు. చల్లటి బండల మీద పిల్ల బోర్ల పడుకొని నిద్రపోయేది. ఎండల తిరిగి తిరిగి పుండ్లైన నా కాళ్లు ఆ ఇంట్లనే మానినయి. అంత సుఖం నాకు అత్తగారింటికి వచ్చిన కాంచి లేకుండె. గని మామ దిక్కు చూస్తె ఆ సుఖం నోట్లెకు పోకపోయేది.

ఆయన పొద్దుగాల కోడికూతకే లేసేది. మొఖం కడుక్కొని, మగ్గం కట్టెలకు దండం పెట్టి, గడప మీద కూసునేది. కూసున్నంక కాళ్లు ఆడేటియి. ఒక్కపారి కుడికాలు, ఒక్కపారి ఎడమకాలు, తొక్కుతున్నట్టు. ఆయనకు తెల్వకుంటనే. సందుల పోయెటోల్లు చూసి నవ్వేటోల్లు. నేను చూసి లోపలికి పోయి ఏడ్సిన. ఆయన తినేది సుత తగ్గింది. ఇంకింత పెడ్త మామా అంటె "ఏం పనిజేసిన్నని బిడ్డా" అనేది.

దఫ్తర్ల ఎవలో చెప్పిండ్రట, గుంత లేకుంట నిలవెట్టుకునే మగ్గాలు వచ్చినయని. మా ఆయన మురిసి, మామను ఆ మగ్గమున్న ఇంటికి తోల్కపోయి చూపిచ్చిండు. మామ ఎక్కి కూసొని రెండు మాట్ల తొక్కి దిగిండట. "బల్ల మీద కూసొని, బడి పిలగాని లెక్క. నాతోని కాదు" అన్నడట. తండ్రీకొడుకులు తొవ్వ పొడుగూత మాట్లాడుకోకుంట వచ్చి, ఇద్దరు నా మీద ఇసుక్కున్నరు. ఒకలు పులుసుల ఉప్పెక్కువైందన్నరు. ఒకలు తక్కువైందన్నరు.

రోహిణి ఎండలు మండుతున్నయి. ఒకనాడు అంతయ్య పటేల్ వచ్చిండు. చొప్పదండిల మేమున్న పాత ఇల్లు ఆయనదే. గంజు అంగట్ల వడ్లు పోసి, మంచినీళ్లకని మా ఇల్లు అర్సుకుంట వచ్చిండు. మామ అంగడి దిక్కు పోయిండు, ఇంట్ల నేను పిల్ల ఇద్దరమే ఉన్నం. నీళ్లు తాగినంక అంతయ్య అడిగిండు.

"మీ మామ ఎప్పుడొస్తడమ్మా?"

"ఏడికి పటేలా?"

"మా ఇంటికే. గుంత పూడ్చకుంటనే పోయిండు గద. ఎందుకే అంబదాసూ అంటె, మిరుగం వానల దాక ఇల్లు ఎవ్వలకియ్యకు, నేను వచ్చి నేసుకుంట అన్నడు. మిరుగం రానే వస్తున్నది. ఇంకొకలు అడుగుతున్నరు. వస్తడా రాడా, ఒక్క మాట చెప్పుండ్రి."

అడిగి చెప్త పటేలా అని తోలిచ్చిన.

ఆయన పోయినంక చేటల బియ్యం ఏరుకుంట కూసున్న, ఒక్క రాయి కనవడలే. మొన్న చలికాలం మామ నేసుకుంట నేసుకుంట కండ్లు తిరిగి గుంతలకు ఒరిగిండు. నేను పక్కన రాట్నం ముంగట కూసొని కండెలకు నూలు చుడుతున్న కాబట్టి రెక్క పట్టుకొని గుంజిన. ఒక్కడే ఉంటె ఎట్లుండునో. చూపు సుత మందగిచ్చింది. తెగిన పోగును నేనే అతికిస్తుంటి. అసొంటి మనిషి ఆ ఊర్ల ఒంటిగ వండుకొని, ఒంటిగ కండెలు చుట్టుకొని, ఒంటిగ నేస్తనంటడా? ఆడికి పోయి ఎన్ని దినాలు బతుకుతడు?

మా ఆయనకు చెప్పలే. చెప్తె ఇద్దరికి లొల్లయితది. లొల్లయితె మామ గానాడే సంచి సంకన పెట్టుకుంటడు. మల్ల ఇండ్లు చూద్దామని పిల్లనెత్తుకొని రెండు వాడలు తిరిగిన. అవే అరుగులు, అవే సవాళ్లు. ఒకామె నన్ను గుర్తుపట్టి "గుంతల పిల్ల మల్ల వచ్చింది" అని లోపలికి చెప్పింది. తల ప్రాణం తోకకొచ్చి, తిరిగి వచ్చి సక్కగ బుచ్చవ్వ తలుపు కాడికి పోయిన.

"అవ్వా, నడిమింట్ల ఒక మూలకు జరన్ని బండలు తీసి గుంత తవ్వుకుంటం. పోయేటప్పుడు మల్ల ఎట్లున్నయి అట్ల పరుస్తం."

"నా పానం తియ్యి పిల్లా, బండలు తియ్యకు" అన్నది బుచ్చవ్వ.

నేను గడప మీదనే కూసున్న, పిల్లను ఒళ్లె ఏసుకొని. పట్టుపట్టి కాదు. కాళ్లల్ల సత్తువ లేదు, లేవ చాతగాలే, అంతే. ఆమె మాత్రం నేను మొండికేసిన్ననుకున్నది. లోపలికి పోయింది, వచ్చింది. మల్ల పోయింది. పిల్ల నిద్రపోయింది. ఆఖరికి ఒక ముంత సల్ల తెచ్చి నా ముంగట పెట్టింది.

"ఎంతసేపు కూసుంటవే? ఆ ముసలాయన గడప మీద కాళ్లాడిచ్చుడు నేను చూస్తలేననుకున్నవా? చూస్తనే ఉన్న. నాకు బండలు ఇడువబుద్ధి గాదు. వెనుక కొట్టమున్నది చూడు. బర్రె పోయిన కాంచి ఖాళీగనే ఉన్నది. మట్టి నేలనే. ఆడ తవ్వుకోండ్రి."

సల్ల తాగిన. ఆమెకు దండం పెట్టేతందుకు సుత చేతులు లేవలే.

ఇంట్లకు వచ్చి మామకు చెప్తె ఆయన మొఖం నల్లగైంది. "బర్రెను కట్టేసిన కాడ మగ్గం పెడ్తనా? మగ్గమంటె మనకేంది నర్మదా? దేవుడు గాదా?"

గప్పుడు తెగింది నా ఓపిక. మామ ముంగట గొంతు లేపుడు ఎన్నడెరుగ. గానాడు లేపిన.

"ఊరంత తిరిగిన మామా. మల్ల సుత తిరిగిన. ఒక్కలు రానియ్యలే. నువ్వు చొప్పదండికి పోతనంటవ్. పోతె ఎవలు వండిపెడ్తరు? ఎవలు కండెలు చుడుతరు? కండ్లు తిరిగితె ఎవలు రెక్క పడ్తరు? నాతోని అయితలేదు మామా. నేను అలిసిపోయిన."

చొప్పదండి అన్న మాట నా నోట్లెకెల్లి వచ్చినంక ఆయన నా దిక్కు చూసిండు. అంతయ్య వచ్చి పోయిండని ఆయనకు సమజైంది. తువ్వాల భుజం మీద ఏసుకొని అంగడి దిక్కు నడిచిండు.

నేను పోయి కొట్టం ఊడ్చిన. ఎండిన పేడ పెల్లలు గంపకెత్తి పారబోసిన. గోడలకు సున్నమేసిన, నేలను నీళ్లతోని తడిపిన. బర్రె తొక్కిన నేల, రాయి లెక్క ఉన్నది. బుచ్చవ్వ గడ్డపార ఇచ్చి, పిల్లను ఆమె సంకనేసుకున్నది. నేను తవ్వుడు మొదలువెట్టిన. పొద్దు వాలేటాళ్లకు చేతులల్ల బొబ్బలు లేసినయి గని, గుంత గంపెడంత సుత కాలే.

మా ఆయన దఫ్తర్‌కెల్లి వచ్చి ఖాకీ అంగితోని కొట్టం తలుపు కాడ నిలవడ్డడు.

"ఏం జేస్తున్నవ్?"

"కనవడ్తలేదా?"

"ఆ గుంతలనే పడ్డడు గద బాపు" అన్నడు. "నేను కండ్లార చూసిన. మల్ల అండ్లనే కూసోవెడ్తవా? బయటికి తీద్దామని బండల ఇల్లు చూసిన నేను. నాకు బాపు మీద పావురం లేకనా?"

పెండ్లైన కాంచి ఆ మాట ఆయన నోట్లెకెల్లి నేను ఇనలే. కోపమొచ్చేది పోయి, నాకు మా ఆయన మీద జాలైంది.

"పడితె పట్టుకుంట. పక్కనే ఉంట గద" అన్న.

అంగి ఇడిశి గుంజకు తగిలేసిండు. నా చేతులకెల్లి గడ్డపార తీసుకున్నడు. ఏడో తరగతి సదివిన కాంచి గుంత దిక్కు చూడనోడు, కొలత మాత్రం మరువలే. జానతోని కొలుసుకుంట తవ్విండు. నేను మట్టి ఎత్తిపోసిన.

తెల్లారి మంచిగ ఆవుపేడ తెచ్చి అలికిన. మామను ఎవ్వలం పిలువలే. పగటీలి ఆయనే వచ్చిండు. గుంత సుట్టు ఒకపారి తిరిగిండు. గట్టు మీద కూసొని కాళ్లు లోపలికి ఇడిశిండు. కాళ్లు అటిటు ఆడిచ్చి చూసిండు.

"బెత్తెడు లోతు ఎక్కువైంది. ఎవడు తవ్విండు, నీ మొగడేనా?"

"ఆయనే."

"గట్లనే ఉంటది వాని పని" అన్నడు. గని లేవలే.

గప్పుడే బుచ్చవ్వ వచ్చింది. గుంతను చూసి నడుము మీద చెయ్యేసుకున్నది. "మంచిగనే తవ్విండ్రు గని, ఒక్క మాట. పోయేటప్పుడు పూడ్చి పోవాలె. తెరిశి ఇడిశిపెట్టి పోతె నేను ఊకోను."

ఆమె కాపుదనపామె, మా పద్ధతి ఆమెకేం ఎరుక. గని ఆ మాటకు మామ కాళ్లు ఆడుడు ఆగింది. తల వంచుకొని గుంతలకు చూసుకుంట కూసున్నడు. అటెనుక లేసి, కాళ్లు దులుపుకొని పోయిండు.

మల్లనాడు నేను లేసి చూస్తె చాప మడిచి ఉన్నది, మామ లేడు. చేతికట్టె లేదు, సంచి లేదు. మగ్గం కట్టెలు గోడకు ఒరిగిచ్చి గట్లనే ఉన్నయి. మా ఆయన మోటర్ల అడ్డకు ఉరికిండు. చొప్పదండి మోటర్ల ఎక్కంగ చూసినమని అక్కడోల్లు చెప్పిండ్రట. వచ్చి గోడకు ఒరిగి కూసున్నడు. గప్పుడు చెప్పిన నేను, అంతయ్య వచ్చిన ముచ్చట, గుంత పూడ్చని ముచ్చట. నన్ను తిడ్తడనుకున్న. తిట్టలే.

"ఇంత జేసినా పోయిండు" అన్నడు. "అవుగని, మగ్గం ఈడనే ఇడిశిపెట్టి పోయిండేంది?"

"బండి తెచ్చుకొని తీసుకపోతడేమో" అన్న. నాకు గంతకంటె ఎక్కువ ఆలోచన తోచలే. దఫ్తర్‌కు ఆలిసమైతదని ఆయన పోయిండు. నేను పొయ్యి ముట్టియ్యలే. పిల్లకు బుచ్చవ్వనే ఇంత బువ్వ తినవెట్టింది. నేను కొట్టంలకు పోయి ఆ గుంత గట్టు మీద కూసున్న. ఎందుకు తిరిగిన, ఎందుకు తవ్విన, ఎవల గురించి తవ్విన అని ఒక్కటే రంధి. దుఃఖం సుత రాలే, అంత అలుపు.

పగటీలి దాటినంక మబ్బు పట్టింది. మాపటీలికి మిరుగం వాన మొదటి చినుకులు పడ్డయి. మా ఆయన తడుసుకుంట వచ్చిండు, ఇద్దరం అర్రల కూసున్నం. సందుల చేతికట్టె సప్పుడు ఇనవడ్డది.

మామ వచ్చి గడప అవతలనే నిలవడ్డడు. మోకాళ్ల దాక ఎర్రమట్టి. చేతులకు మట్టి, ధోతికి మట్టి. నీళ్ల చెంబు తీసుకొని పోయిన.

"ఏడికి పోయినవ్ మామా?"

"పూడ్చి వచ్చిన" అన్నడు.

కాళ్లు కడుక్కుంటున్నడు. కొట్లాడి కడుగుతున్నట్టు, ఎంత కడిగినా మట్టి పోతలేదు. మా ఆయన లేసి వచ్చి చెంబు నా చేతులకెల్లి తీసుకొని తనే నీళ్లు పోసిండు. తండ్రి కొడుకు దిక్కు చూడలే, కొడుకు తండ్రి దిక్కు చూడలే.

"అలికి, ముగ్గు సుత ఏసిన. వంకరొచ్చింది" అన్నడు మామ. "పొద్దుగాల మగ్గం ఎక్కియ్యాలె. కండెలున్నయా బిడ్డా?"

"లేవు మామా."

పిల్లను మా ఆయన చేతులల్ల పెట్టి, రాట్నం తీసి ముంగటేసుకున్న. అరచేతులల్ల బొబ్బలు ఇంక మానలే, నడుము ఇరిగేటట్టున్నది. బువ్వ వండేది ఉన్నది, నీళ్లు తెచ్చేది ఉన్నది. ముందు కండెలే చుట్టిన.